చప్పుడు లేని కాలేజీ

కాలేజీలో ఆయాగా నా చోటుకు కొత్తగా వచ్చిన అమ్మాయి పేరు కైలాస. పనిలో చేరిన వారానికి వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది.

"ఊడ్చుడు, నీళ్లు నింపుడు, గంట కొట్టుడు. గింతే గదా మాసీ? ఇంకేమన్న ఉన్నదా?" అని అడిగింది.

"జీతం వాటికే ఇస్తరు. పని మాత్రం వేరే ఉన్నది" అన్నాను.

ఏమిటా పని అంటే గుమ్మంలో నిలబడి చెప్పేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. పెద్ద మాటలు రావు. కైలాసలాగా ఇప్పుడిప్పుడే కాలేజీల్లో, బడుల్లో పనికి చేరే ఆడవాళ్లు చదివితే చాలు. కూతుర్ని ఏ కాలేజీలో వేయాలా అని తిరిగే తల్లిదండ్రులు చదివినా మంచిదే.

గేటు దగ్గర

మా కాలేజీ సూరత్‌లో లింబాయత్ అవతల, చీరల గోదాముల వెనక ఒక సన్నని గల్లీలో ఉంటుంది. రెండంతస్తుల మేడ. ఆడపిల్లలకే. చుట్టూ సాంచాల కార్ఖానాలు. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. తెలంగాణ నుంచి ఇక్కడికి వచ్చిన మా వాళ్లలో చాలామందికి అదే కూడు పెడుతుంది. నా పెనిమిటి కూడా సాంచాల మీదే పనిచేశాడు. నేను ఇంట్లో చీరలకు రాళ్లు అతికే పని చేసేదాన్ని. కాలేజీ పెట్టిన కొత్తలో ఆయాగా చేరి అందరికీ మాసీని, అంటే పిన్నిని, అయ్యాను. నేను పని విడిచేనాటికి నా మనవరాలే అక్కడ చదువు ముగించుకుని బయటికి వచ్చింది.

పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాక గేటు దగ్గరి బల్ల ఖాళీగా ఉండదు. తల్లి, తండ్రి, మేనమామ, పక్కింటి ఆయన, అందరూ వస్తారు. అమ్మాయి అందరికంటే వెనక నిలబడుతుంది. వాళ్లు ఆఫీసులోకి వెళ్లకముందే సగం నిర్ణయం బల్ల మీదే జరిగిపోతుంది. ఆ బల్ల పక్కన నిలబడేది మనమే. కైలాసా, నీ అసలు పని అది.

ఇంత పెద్ద ఊళ్లో చిన్న కాలేజీని ఎవరూ మొదటి చూపులో ఇష్టపడరు. ఆటస్థలం ఏది అంటారు. బస్సులేవి అంటారు. ఫొటో దిగడానికి ముందర ఒక మెట్ల వరుసైనా లేదు. ఉన్నవి కొన్ని గదులు, ఒక చిన్న లైబ్రరీ, బాగా కడిగిన వరండా. లేనివాటిని ఉన్నాయని చెప్పకు. ఒకసారి బార్డోలీ నుంచి చక్కెర మిల్లులో పనిచేసే ఒకాయన కూతుర్ని తీసుకుని వచ్చాడు. ఆ పిల్లకు సైన్సు కావాలి. ఆయనకేమో ఆడపిల్లల కాలేజీ అయితే చాలు, ఏ చదువైనా ఒకటే.

"మా దగ్గర సైన్సు లేదు భాయ్. పిల్ల అడిగింది ఉన్నచోట వెయ్యి" అని చెప్పి, బస్సు ఎక్కడ ఎక్కాలో చూపించి పంపేశాను. ఆఫీసు గుమాస్తా నా మీద ఎగిరిపడ్డాడు. మా ప్రిన్సిపాల్ మాత్రం అతన్ని పిలిచి, "మాసీ మన పరువు నిలబెట్టింది, నువ్వు పోయి పని చూసుకో" అంది.

పెద్దబెన్

ఆ ప్రిన్సిపాల్‌నే మేమందరం పెద్దబెన్, అంటే పెద్దక్క, అనేవాళ్లం. ఈ ఊరి గుజరాతీ మనిషి. నేను చూసిన పైవాళ్లలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్నది ఆమెనొక్కదాన్నే. మెచ్చుకోవడం నాకు అంత సులభంగా రాదని నన్నెరిగిన వాళ్లకు తెలుసు. ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే నాకు ఒళ్లు మండుతుంది. ఆమెకూ అంతే. అరిగిపోయిన చాక్‌పీసు ముక్కలను నేను డబ్బాలో దాచేదాన్ని. ఆమె ఆ డబ్బాలోంచే తీసుకుని క్లాసుకు వెళ్లేది.

ఒక ట్రస్టీ కాలేజీ ముందర అద్దాలు పెట్టిద్దాం, గల్లీ మొదట్లో పెద్ద బోర్డు వేయిద్దాం, అప్పుడు పిల్లలు వస్తారన్నాడు. "ముందు మరుగుదొడ్ల తలుపులకు మంచి గొళ్లాలు పెట్టించండి. తరవాత అద్దాల సంగతి" అంది పెద్దబెన్. ఆయన ముఖం చూడాలి అప్పుడు! గొళ్లాలు వచ్చాయి. అద్దాలు ఇప్పటికీ రాలేదు. గొళ్లెం సరిగా పడని కాలేజీలో ఆడపిల్ల పొద్దంతా నీళ్లు తాగకుండా కూర్చుంటుంది. కాలేజీ చూడటానికి వచ్చిన తల్లులకు నేను మొదట ఆ తలుపులే చూపించేదాన్ని.

కాలేజీని పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి వదిలేసే పద్ధతి కూడా ఆమెదే. మా పిల్లలు ఇంటికి వెళ్లి తల్లితో పాటు చీరల పనికి కూర్చోవాలి. అది తప్పా ఒప్పా అని ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. వాళ్ల పనివేళలకు తన గంటను జరుపుకుంది, అంతే.

ఇంకో పద్ధతి ఉండేది. ఏ రోజైనా, ఏ పాఠమైనా, పిల్ల తల్లిదండ్రులు చెప్పకుండా వచ్చి చివరి బల్ల మీద కూర్చోవచ్చు. కొత్త టీచర్లకు ఇది నచ్చేది కాదు. ఒకామె అననే అంది, "ఇదేమన్నా దుకాణమా బెన్, ఎవరంటే వాళ్లు వచ్చి చూడటానికి?" అని.

"మన మార్కెట్లో చీర కొనేవాడు కూడా అంచు చేత్తో పట్టుకుని చూస్తాడు. కూతుర్ని పంపేవాడు చూడొద్దా?" అంది పెద్దబెన్.

రాజమల్లు బేరం

ఇప్పుడు శ్రావణి సంగతి చెబుతాను. గేటు పని ఏమిటో నాకు పూర్తిగా తెలిసింది ఆ పిల్ల వల్లే.

శ్రావణి తండ్రి రాజమల్లు, సాంచాల మీద ఏళ్లుగా పనిచేస్తున్నవాడు. తల్లి లక్ష్మి ఇంట్లో చీరలకు రాళ్లు అతుకుతుంది. వాళ్లింట్లో పన్నెండో తరగతి దాటిన మొదటి పిల్ల శ్రావణే. కాలేజీకి పంపడానికి తండ్రి ఒప్పుకున్నాడు కానీ కాలేజీ తనకు నచ్చాలన్నాడు. నచ్చకపోతే పిల్ల తల్లి పక్కన రాళ్ల పనికి కూర్చోవాల్సిందే. శ్రావణికి మా కాలేజీయే కావాలి. వాళ్ల గల్లీ నుంచి మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి పల్సానాలో ఒక బట్టల మిల్లులో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తోంది. ఆ అమ్మాయి పొద్దున పంజాబీ డ్రస్సు వేసుకుని బస్సెక్కడం శ్రావణి రోజూ చూస్తుంది.

ముగ్గురూ వచ్చినప్పుడు లోపల పాఠాలు జరుగుతున్నాయి. రాజమల్లు గేటు బయటే ఆగి, తల పైకెత్తి కిటికీలు లెక్కపెట్టాడు.

"గింతేనా మాసీ? ఎనక ఇంకేమన్న బిల్డింగున్నదా?" అని అరిచాడు. కోపంతో అరవడం కాదు. సాంచాల మధ్య బతికిన మనిషి గొంతు అంతే ఉంటుంది. వాళ్లకు చెవులు కూడా సగం పోతాయి.

"గింతే. జర మెల్లగ మాట్లాడు తమ్మీ, లోపట పాఠం నడుస్తున్నది."

"నడుస్తున్నదా? సప్పుడే లేదు! పీనుగు లేచిన ఇల్లు లెక్క ఉన్నది."

"సదువుకునే జాగల సప్పుడెందుకుంటది?"

"పని నడిస్తె సప్పుడుంటది మాసీ. సప్పుడు బందయిందంటే సాంచలు బందయినట్టే. నాకు దెల్వదా?"

శ్రావణి తలెత్తి, "బాపూ, లోపటికి పోయి చూద్దాం. చివరి బల్ల మీద కూసోనిస్తరంట" అంది.

"బయటికెల్లే తెలుస్తున్నది గదనే!"

రాజమల్లు కార్ఖానా సేటు కూతురు చదివే కాలేజీ ఊరికి అటు చివర ఉంది. వేలమంది పిల్లలు, అంతస్తుల మీద అంతస్తులు. సేటు ఒక మాట చెబితే సీటు వస్తుందట. రాజమల్లు ఆ గేటు దగ్గరికి ముందే వెళ్లి చూసి వచ్చాడు. జాతరలాగా ఉందన్నాడు. ఆ జాతరే ఆయనకు నచ్చింది. లక్ష్మి నా వైపు ఒకసారి చూసి కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

పెద్ద కాలేజీ చెడ్డదని నేను అనను. పోటీ పడి ముందుకు దూసుకెళ్లే పిల్లలకు అక్కడ దొరికేవి మా దగ్గర దొరకవు. నా మనవరాలితో పాటు చదివిన పిల్లలు కొందరు ఆ తర్వాత అక్కడికే వెళ్లి పై చదువులు చదివారు. కాకపోతే అక్కడ ఒక పిల్ల నోరు మూసుకుంటే, ఎందుకు మూసుకుందని అడిగే మనిషి ఉండాలి.

శ్రావణిని అక్కడే వేశారు, ఆ పిల్ల నోరు మూసుకుంది. ఒక రోజు టీచరు ఏదో ప్రశ్న అడిగితే ఈ పిల్ల లేచి జవాబు చెప్పింది. ఇంట్లో తండ్రికి వినపడేట్టు మాట్లాడి మాట్లాడి పిల్ల గొంతు కూడా అంతే. హాలు హాలంతా గొల్లున నవ్వింది. జవాబు సరైనదే. అది ఎవరికీ వినపడలేదు. ఆ తర్వాత ఆ పిల్ల అక్కడ నోరు తెరవలేదు.

ఆ క్లాసులు మధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా సాగేవి. రెండు బస్సులు మారాలి. వానాకాలంలో ఒక రోజు బస్సులన్నీ నిండిపోయి, పిల్ల ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. రాజమల్లు గల్లీ మొదట్లోనే నిలబడి ఉన్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. "రేపట్నుంచి బందు" అన్నాడు. మర్నాటి నుంచి శ్రావణి రాళ్ల డబ్బా ముందు కూర్చుంది.

పెద్దబెన్ పట్టు

ఇవన్నీ లక్ష్మి వచ్చి చెబితేనే నాకు తెలిశాయి. మొగుడు పనికి వెళ్లిన వేళ చూసుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"ఎట్లన్న జేసి ఈడ ఏసుకోండ్రి మాసీ. పిల్ల అన్నం సక్కగ తింటలేదు. సంతకం నేను పెడత. ఆయనకు నేనే మెల్లగ చెప్పుకుంట."

లోపలికి తీసుకెళ్లాను. పెద్దబెన్ అంతా విన్నది. సీటు ఉందన్నది. కాలేజీ మారడానికి కావలసిన కాగితాల సంగతి ఆఫీసు వాళ్లు చూసుకుంటారన్నది. ఆఖర్న మాత్రం, "తండ్రి రావాలి" అంది.

నాకు కోపం వచ్చింది. తల్లి కళ్ల నీళ్లు పెట్టుకుని నిలబడితే తండ్రి ఎందుకు? లక్ష్మి వెళ్లాక ఆ మాటే అడిగాను.

"దొంగచాటుగా తెచ్చిన పిల్లను మొదటి తగాదాకే ఆపేస్తారు మాసీ. అప్పుడు మళ్లీ ఏ కాలేజీ గడపా తొక్కనివ్వరు. నాకు మూడేళ్లు కావాలి, ఒక నెల కాదు" అంది. కాసేపు ఆలోచించి, "ఆయన ఎక్కడ పనిచేస్తాడో నీకు తెలుసా?" అని అడిగింది.

సాయంత్రం పాళీ, అంటే షిఫ్టు, మారే వేళకు ఇద్దరం నడిచి వెళ్లాం. కార్ఖానా గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఆ చప్పుడుకు పెద్దబెన్ చెవులు మూసుకుంది. లోపల ఎవరూ నోటితో మాట్లాడరు. పోగు తెగితే ఒక సైగ, కండె అయిపోతే ఒక సైగ, చాయ్ వచ్చిందంటే ఇంకో సైగ. రాజమల్లు మమ్మల్ని చూసి, ఏంది అన్నట్టు చెయ్యి తిప్పాడు. పెద్దబెన్ బదులు చెప్పకుండా సాంచాల మధ్య సందులోంచి నెమ్మదిగా ఆ చివరి దాకా నడిచింది, తిరిగి వచ్చింది. తర్వాత ముగ్గురం బయటికి వచ్చాం.

"ఏంది మాసీ, బెన్‌ను ఈడిదాక తోల్కొచ్చినవ్? నన్ను గూడ కాలేజీల ఏసుకుంటరా ఏంది?" అని నవ్వాడు రాజమల్లు.

పెద్దబెన్ హిందీలో చెప్పింది. ఆయన చెవికి అందేట్టు నేను తెలుగులో అరిచి చెప్పాను.

"మీ కార్ఖాన చూడనీకి వచ్చిందట. ఇప్పుడు నువ్వు వచ్చి ఆమెది చూడాల్నంట."

"నేను చూసిన గదా."

"బయట నిలబడి చూసినవట. ఆమె నీ సాంచల నడుమకొచ్చి చూసిందట."

రాజమల్లు నవ్వు ఆగిపోయింది. తల గోక్కున్నాడు. "రాత్రి పాళీ పడ్డప్పుడు వస్త. పొద్దుగాల" అన్నాడు.

చివరి బల్ల

అన్నట్టే వచ్చాడు. రాత్రంతా పనిచేసి నేరుగా వచ్చినట్టున్నాడు, జుట్టులో దారపు నూగు అలాగే ఉంది. చెప్పులు గది బయట విడిచి చివరి బల్ల మీద కూర్చున్నాడు. అకౌంటెన్సీ పాఠం. చెప్పేది గుజరాతీలో, అదీ మెల్లగా. ఆయన చెవికి ఒక్క ముక్క చేరదు. ఆవులించి లేచిపోతాడనే అనుకున్నాను.

నీళ్లు పెట్టే వంకన రెండుసార్లు తొంగి చూశాను. ఆయన టీచరు నోటి వైపు చూడటం లేదు. ఆమె కాళ్ల వైపు చూస్తున్నాడు. ఆమె బల్లల మధ్య తిరుగుతోంది. ఒక పిల్ల పుస్తకం మీదికి వంగి, ఏదో చూపించి, పక్క పిల్ల దగ్గరికి వెళుతోంది. ఎక్కడో మూలన ఒకమ్మాయి పెన్ను ఆగితే అటు తిరుగుతోంది. రాజమల్లు తల కూడా ఆమెతో పాటే తిరుగుతోంది.

పాఠం అయ్యాక వరండాలోకి వచ్చి నన్ను పిలిచాడు.

"రోజు గిట్లనే తిరుగుతదా ఈ టీచరమ్మ? నేనొచ్చిన్నని తిరిగిందా?"

"నువ్వెవలో ఆమెకు తెల్వనే తెల్వదు. నువ్వేమన్న మంత్రివా?"

"ఒక్కదాని కింద గింతమందేనా?"

"గింతే."

గోడ పట్టుకుని చెప్పులేసుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత అన్నాడు: "ఒక్కనికి జాస్తి సాంచలిచ్చినమనుకో మాసీ. ఆ మూలదాని పోగు తెగుతది. ఈ మూలకున్నోనికి ఎరుక గాదు. సప్పుడు మాత్రం మస్తుంటది. తెగిన పోగుతోనే బట్ట గజాలు గజాలు నడిచిపోతది. సాంచ మీదికెల్లి తాన్ దించినంక గాని తెల్వది." చెప్పు వార్లో వేలు ఇరికించుకుని ఆగిపోయాడు. "మా పిల్ల పోగు ఆడ తెగింది. ఎవ్వలు చూడలే."

పెద్దబెన్ గదిలోకి తనే వెళ్లాడు. ఒప్పుకున్నాడు. ఒక షరతు మాత్రం పెట్టాడు. కాలేజీ వదిలే వేళ దాటి ఒక్కనాడు ఆలస్యమైనా బందు. పెద్దబెన్ సరేనన్నది. ఆ షరతు నా గుండెల మీద కూర్చుంది, ఎందుకంటే గంట కొట్టేది నేను.

ఆలస్యం

చేరిన కొత్తలో శ్రావణి హాజరు పిలిచినప్పుడు కూడా పెదవులే కదిపేది. ఎవరూ బలవంతపెట్టలేదు. నవ్వేవాళ్లు లేకపోయేసరికి దానంతట అదే తిరిగి వచ్చింది ఆ గొంతు. కొన్ని నెలలకు పై అంతస్తులో ఆ పిల్ల చెప్పే జవాబు కింద కుండలు కడుగుతున్న నాకు వినపడేది.

పరీక్షల ముందు ఒక రోజు నేను వేళకు గంట కొట్టాను. అన్ని గదులూ ఖాళీ అయ్యాయి, శ్రావణి వాళ్ల గది తప్ప. ఎంతసేపటికీ దిగకపోతే పైకి వెళ్లాను; చూస్తే బోర్డు దగ్గర నిలబడి ఉన్నది శ్రావణి. టీచరు పిల్లల మధ్య కూర్చుంది. ఏదో లెక్క ఎవరికీ తేలడం లేదట, ఈ పిల్ల విడదీసి చెబుతోంది. గోడ గడియారం చూపించి సైగ చేశాను. ఎవరూ చూసుకోలేదు. పిలుద్దామని నోరు తెరిచేంతలో కింద గేటు చప్పుడైంది.

రాజమల్లు. రాత్రి పాళీ వారం. పిల్ల ఇంకా ఇల్లు చేరలేదని నిద్ర మధ్యలో లేచి వచ్చినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. దిగి వెళ్లి, "ఇగో, ఇప్పుడే పిలుస్త తమ్మీ" అన్నాను.

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. పైనుంచి గొంతు వస్తోంది. పుస్తకంలో వడ్డీ ఎటు రాయాలో, ఎందుకు రాయాలో, స్పష్టంగా, గట్టిగా, గుజరాతీలో. ఆ మేడలో అన్నాళ్లూ ఆయన చెవికి అందిన మాట అదొక్కటే అయి ఉంటుంది.

"గది మా శ్రావణేనా?"

"ఇంకెవరికి ఉన్నది గంత గొంతు?"

"ఎవ్వలు నవ్వుతలేరు."

"ఎందుకు నవ్వుతరు? రాసుకుంటున్నరు."

బల్ల మీద కూర్చున్నాడు. "పిలువకు. జర నడువనియ్" అన్నాడు.

పాఠం ముగిసి పిల్లలు దిగేసరికి గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు. ఆయన్ని చూడగానే శ్రావణి మెట్ల మీదే ఆగిపోయింది. పుస్తకాలు గుండెకు అదుముకుంది.

"బాపు ఎప్పుడొచ్చిండు మాసీ? ఏమన్నడు? బందు చేస్తడా?"

"జర నడువనియ్ అన్నడు."

నమ్మలేదు. నా ముఖంలోకి రెండుసార్లు చూసింది. తర్వాత బ్యాగు దించి, బల్ల కదలకుండా, తండ్రి పక్కన కూర్చుంది.

"లేపాల్నా?" అన్నాను.

"వద్దు మాసీ. రాత్రి మల్ల పాళీకి పోవాలె. జర పండనియ్" అంది. ఎంత మెల్లగా అన్నదంటే, పక్కనే నిలబడ్డ నాకే పెదవులు చూస్తే గాని తెలియలేదు.

గేటుకు వేయాల్సిన తాళం కొంగున ముడేసుకుని నేను గదులు ఊడ్చుకోవడానికి లోపలికి వెళ్లాను.